చంపిన బ్యాక్టీరియా, బతికున్న కణితి: ప్రాజెక్టు డైరీ

సోమవారం, మొదలు

ఎట్టకేలకు అనుమతులన్నీ చేతికొచ్చాయి. ఈ ప్రాజెక్టులో మేము అడుగుతున్న ప్రశ్న ఇది: చంపిన బ్యాక్టీరియాను గానీ, అందులోని ఒక ముక్కను గానీ కణితికి ఎంత దగ్గరగా పెడితే శరీరం ఆ కణితి మీద తిరగబడుతుంది? మోతాదు ఎంత అన్నదాన్ని కావాలనే రెండో వరుసలో ఉంచాం. ఈ రంగం చరిత్ర చదివిన కొద్దీ, ఫలితాన్ని తేల్చేది మోతాదు కన్నా చోటే అన్న నమ్మకం నాలో బలపడింది. అది నిజమో కాదో ఎలుకల్లో చూడాలి.

1891లో న్యూయార్క్‌లో విలియం కోలీ అనే ఎముకల శస్త్రవైద్యుడు సార్కోమా (ఎముక, కండరం వంటి కణజాలంలో పుట్టే క్యాన్సర్) ఉన్న రోగికి స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాను సూదితో ఎక్కించాడు. అంతకుముందు ఒక రోగికి ఎరిసిపెలాస్ అనే చర్మవ్యాధి సోకి తీవ్రమైన జ్వరం వచ్చాక మెడలోని కణితి మాయమైందని పాత ఆసుపత్రి రికార్డుల్లో చదివి, ఆ మనిషిని వెతికి పట్టుకున్నాడు. బతికున్న బ్యాక్టీరియాతో ప్రమాదం ఎక్కువ కావడంతో తర్వాత చంపిన స్ట్రెప్టోకాకస్, సెర్రేషియా బ్యాక్టీరియాల మిశ్రమానికి మారాడు. కొందరికి గుణం కనిపించింది, చాలామందికి కనిపించలేదు. ఎందుకన్నది ఆయనకు తెలిసే అవకాశమే లేదు. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

మాకు దారి చూపినవి మాత్రం గినీ పందుల మీద 1970ల ఆరంభంలో జ్బార్, ర్యాప్ చేసిన ప్రయోగాలు. కణితిలోకే బీసీజీని, అంటే క్షయ టీకాలో వాడే బలహీనపరచిన బ్యాక్టీరియాను ఎక్కించినప్పుడు కణితి తగ్గింది. అయితే అందుకు కొన్ని షరతులున్నాయని వాళ్లు తేల్చారు: కణితి చిన్నదిగా ఉండాలి, బీసీజీ దాన్ని తాకుతూ ఉండాలి, ఆ జంతువుకు బీసీజీ మీద ప్రతిస్పందించే శక్తి ఉండాలి. రెండో షరతు నన్ను వదలడం లేదు. తాకడం అంటే ఏమిటి? కణితి లోపలే ఉండాలా, పక్కన ఉన్నా చాలా? అదే వైపు లింఫ్ గ్రంథికి చేరితే సరిపోతుందా?

ఏర్పాటు ఇలా ఉంది. సీ57 బ్లాక్/6 జాతి ఎలుకలు, వాటి కుడి డొక్క చర్మం కింద ఎంసీ38 పెద్దపేగు క్యాన్సర్ కణాలు. పదార్థాలు రెండు: వేడితో చంపిన బీసీజీ, సీపీజీ 1826 అనే కృత్రిమ డీఎన్‌ఏ ముక్క. ఒక్కోదాన్ని మూడు చోట్ల ఇస్తాం: కణితి లోపల, కణితిని తాకకుండా అదే వైపు చర్మం కింద, ఎదుటి డొక్కలో. వీటికి తోడు కణితిలోకి ఉత్త ద్రావణం ఎక్కించే గుంపు ఒకటి, అక్షరాలు తారుమారు చేసిన జీపీసీ డీఎన్‌ఏ ఇచ్చే గుంపు ఇంకొకటి. మొత్తం ఎనిమిది గుంపులు.

ఈ రెండు పదార్థాలనే ఎంచుకోవడానికి కారణముంది. సీపీజీ మూలం కూడా బీసీజీయే. 1984లో టోక్యోలో టోకునాగా బృందం బీసీజీని భాగాలుగా విడదీసి చూస్తే, కణితులను అణచే గుణం డీఎన్‌ఏ ఉన్న భాగంలో దొరికింది. ఆ డీఎన్‌ఏలో గుర్తింపు ఎక్కడుందో 1995లో క్రీగ్ బృందం తేల్చింది: మిథైల్ గుంపు లేని సైటోసిన్, దాని పక్కనే గ్వానిన్. మన డీఎన్‌ఏలో ఆ జంట అరుదు, ఉన్నచోట కూడా చాలావరకు మిథైల్ తొడుగు ఉంటుంది. బ్యాక్టీరియాలో అలా ఉండదు. కాబట్టి మా ప్రయోగంలో పోటీ పడుతున్నవి ఒకే సూక్ష్మజీవి తాలూకు మొత్తం శవం, అందులోంచి వచ్చిన ఒకే ఒక సంకేతం.

గురువారం, బీసీజీతో కుస్తీ

బీసీజీని చంపడం సులువు. దాన్ని విడగొట్టడమే కష్టం. దాని కణకవచంలో మైకోలిక్ ఆమ్లాలు దట్టంగా ఉండి మైనం పూసినట్టుంటుంది. నీళ్లలో వేస్తే ముద్దలు కడుతుంది, ఎంత కుదిపినా ముద్దలు అడుగుకు చేరతాయి. అలా ముద్దలుగా ఉన్నదాన్ని సూదిలోకి తీసుకుంటే ఒక ఎలుకకు ఎక్కువ, ఇంకో ఎలుకకు తక్కువ అందుతుంది. చోటు ప్రభావం కొలవాలనుకునే ప్రయోగంలో మోతాదు ఇలా ఊగిసలాడితే మిగిలిన శ్రమంతా వృథా.

అందుకే సబ్బులా పని చేసే ట్వీన్ 80 కొద్దిగా కలిపిన ద్రావణంలో తీసుకుని, గాజు పూసలతో కుదిపి, శ్రవణాతీత ధ్వనితో కొద్దిసేపు చెదరగొట్టి, తేలికగా సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగున చేరిన ముద్దలు వదిలేసి పైన తేలిన భాగం మాత్రమే తీసుకున్నాం. ఇదంతా వేడి చేయడానికి ముందే. ముద్ద మధ్యలో ఉన్న కణాలకు వేడి సరిగా అందకపోతే కొన్ని బతికే ప్రమాదముంది. ఆ తర్వాత 80 డిగ్రీల నీటి తొట్టెలో గంటసేపు ఉంచాం. కాంతి సాంద్రతతో బీసీజీని లెక్కించడం మీద నాకు నమ్మకం లేదు, చిన్న ముద్దలు కూడా లెక్కను తప్పిస్తాయి. అందుకే ఎండబెట్టి తూచిన బరువు ప్రకారం మోతాదు పెట్టుకున్నాం.

చచ్చిందని రుజువు కావాలంటే ఓపిక పట్టాలి. బీసీజీ చాలా నెమ్మదిగా పెరుగుతుంది, పళ్లెంలో కంటికి కనిపించే గుంపులు కట్టడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. వేడి చేసిన నమూనా ఒక పళ్లెంలో, చేయనిది ఇంకో పళ్లెంలో పోసి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టాం. రెండో పళ్లెంలో గుంపులు వచ్చి మొదటిది ఖాళీగా ఉంటేనే ఎలుకల జోలికి వెళతాం. ఈలోగా తొందర పెట్టవద్దని మా పర్యవేక్షకురాలు ముందే చెప్పారు: “మీరు ఆ పళ్లెం చూపించే దాకా జంతువుల గది తాళం అడగకండి.” ఆవిడ చెప్పింది సబబే. బతికున్న బీసీజీ కలిసిందంటే ఫలితం దేనివల్ల వచ్చిందో చెప్పలేం. మూత్రాశయ క్యాన్సర్‌కు వాడేది బతికున్న బీసీజీయే, దాని తీరు వేరు.

మంగళవారం, ఎండోటాక్సిన్

ఈ పని గురించి ఎవరూ పెద్దగా రాయరు గానీ, ఈ రంగంలో సగం విశ్వసనీయత దీని మీదే నిలబడి ఉంది.

1943లో షియర్ బృందం సెర్రేషియా నుంచి ఒక పదార్థాన్ని వేరు చేసింది. ఎలుకలకు దాన్ని ఇస్తే కణితుల లోపల రక్తస్రావమై కణజాలం చచ్చిపోయింది. ఆ పదార్థమే ఈనాడు మనం ఎల్‌పీఎస్ అనీ ఎండోటాక్సిన్ అనీ పిలిచేది. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా పైపొరలో ఉంటుంది, వేడికి లొంగదు, నీళ్లలో, గాజు సీసాల్లో, ప్లాస్టిక్ గొట్టాల్లో అంటుకుని ఉండిపోతుంది. బీసీజీలో ఎల్‌పీఎస్ లేదు. కాబట్టి మా సీసాలో ఎండోటాక్సిన్ కనిపించిందంటే అది బయటినుంచి వచ్చిందన్నమాట. అలాంటి సీసాతో ఎలుకలో కణితి తగ్గితే బీసీజీ వల్ల తగ్గిందని రాయడం అబద్ధమవుతుంది. ఉత్త ద్రావణం గుంపులో అది చేరితే ఇంకా ఘోరం, పోల్చి చూసుకోవడానికి ఆధారమే పోతుంది.

పరీక్షకు గుర్రపుడెక్క పీత రక్తకణాల సారం వాడతారు. ఎండోటాక్సిన్ తగిలితే అది గడ్డకడుతుంది. సంగతల్లా, బీటా గ్లూకాన్ అనే చక్కెర గొలుసు తగిలినా అది స్పందించగలదు. సెల్యులోజ్ వడపోతల నుంచి గ్లూకాన్ రాలుతుంది కనుక గ్లూకాన్‌ను అడ్డుకునే ద్రావణం కలిపి పరీక్షించాం. సీపీజీ, జీపీసీ, బీసీజీ శుభ్రంగా తేలాయి. పలుచన చేయడానికి తెప్పించిన సెలైన్ పెట్టెల్లో ఒకటి మాత్రం మేము పెట్టుకున్న హద్దు దాటింది. ఆ పెట్టె మొత్తం పక్కన పడేసి, మిగిలినవాటిని సీసా సీసాకూ పరీక్షించాం. టీఎల్‌ఆర్4 గ్రాహకం మాత్రమే ఉన్న సూచిక కణాల మీద కూడా మా ద్రావణాలన్నీ వేసి చూశాం. ఎల్‌పీఎస్‌ను పసిగట్టేది ఆ గ్రాహకమే అని 1998లో బ్యూట్లర్ బృందం, ఎల్‌పీఎస్‌కు స్పందించని సీ3హెచ్/హెచ్‌ఈజే ఎలుకల్లోని జన్యులోపాన్ని పట్టుకుని నిరూపించింది. మా సూచిక కణాలు నిశ్శబ్దంగా ఉన్నాయి. ఈ నిశ్శబ్దం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

శుక్రవారం, రంగు చెప్పిన సంగతి

అసలు ప్రయోగానికి ముందు, కణితి ఉన్న కొన్ని ఎలుకల్లో నీలం రంగు ఎక్కించి చూశాం. కణితి లోపలికి ఎక్కించామని మనం రాసుకునేది నిజంగా లోపలే ఉంటోందా అన్నది తెలియాలి.

50 మైక్రోలీటర్లు ఎక్కిస్తే చాలావరకు ఉండలేదు. కొంత సూది వెళ్లిన దారినే వెనక్కి కారింది, కొంత కణితి చుట్టూ ఉన్న పొర కింద పరుచుకుంది. ఎదిగే కణితి లోపల ద్రవ పీడనం ఎక్కువ, అది బయటికి నెడుతుంది. 20 మైక్రోలీటర్లకు తగ్గించి, సన్నని ఇన్సులిన్ సూదితో నెమ్మదిగా ఎక్కించి, సూది వెంటనే లాగకుండా కాసేపు అక్కడే ఆపితే రంగు కణితి మధ్యలోనే నిలిచింది. మా ప్రయోగంలో ఇక అన్ని చోట్లా ఇదే పద్ధతి.

అనుకోకుండా ఇంకొకటి కనిపించింది. కణితి పక్కన చర్మం కింద రంగు ఎక్కించిన ఎలుకల్లో అదే వైపు గజ్జల దగ్గరి లింఫ్ గ్రంథి నీలంగా మారింది. కణితి లోపల ఎక్కించిన వాటిలోనూ అదే గ్రంథికి కొంత రంగు చేరింది. ఎదుటి డొక్కలో ఎక్కించినప్పుడు మాత్రం ఆ వైపు గ్రంథి నీలమైంది, కణితి వైపు గ్రంథి తెల్లగానే ఉంది. అంటే మేము మూడు చోట్లు అనుకున్నవి లింఫ్ దృష్టిలో రెండే. కణితి ముక్కలు మోసుకొచ్చే డెండ్రిటిక్ కణాలు టీ కణాలను కలిసేది ఆ గ్రంథిలోనే. అడ్జువెంట్, అంటే రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే పదార్థం, అక్కడికి చేరితే చాలా, లేక కణితిలోనే ఉండాలా అన్న ప్రశ్నకు ఈ ఏర్పాటే జవాబు చెప్పగలదని ఆ రంగు చూశాక అర్థమైంది. ప్రయోగం పట్ల నా ఉత్సాహం రెట్టింపైంది.

సోమవారం, పళ్లేలు, కణాలు

వేడి చేయని పళ్లెంలో ముడతలు పడ్డ మీగడ రంగు గుంపులు. వేడి చేసిన పళ్లెం ఖాళీ. తాళం దొరికింది.

ఒక్కో ఎలుకకు 5 లక్షల ఎంసీ38 కణాలు ఎక్కించాం. మైకోప్లాస్మా పరీక్ష ముందే చేయించాం. అది తప్పనిసరి: కణాల్లో మైకోప్లాస్మా దాగి ఉంటే అది కూడా బ్యాక్టీరియాయే, మేము ఇవ్వని అడ్జువెంట్ కణితితోపాటే లోపలికి వెళ్లిపోతుంది.

ఇంకో నిర్ణయం రాసి పెట్టుకోవాలి. 1959లో ఓల్డ్, క్లార్క్, బెనాసెరఫ్ బీసీజీ సోకిన ఎలుకల్లో కణితి నాటితే అవి ఎక్కువగా తట్టుకుంటాయని చూపించారు. ఆ ఫలితమే ఈ రంగాన్ని మళ్లీ లేపి నిలబెట్టింది. అయితే అందులో బీసీజీ ముందు, కణితి తర్వాత. మనిషి డాక్టరు దగ్గరికి వచ్చేది కణితి పెరిగాక. కాబట్టి చేతికి తగిలే కణితి, అంటే దాదాపు 5 మిల్లీమీటర్లు వచ్చాకే మొదటి సూది. కణితి సైజును బట్టి ఎలుకలను గుంపుల్లోకి సమానంగా పంచి, పంజరాలకు ఒక సహోద్యోగి సంకేత సంఖ్యలు వేశారు. కొలిచేది నేను, ఏ సంఖ్య ఏ గుంపుదో నాకు తెలియదు. పరిమాణం లెక్క మామూలు సూత్రమే: పొడవును వెడల్పు వర్గంతో గుణించి రెండుతో భాగించడం. కణితి 15 మిల్లీమీటర్లకు చేరినా, పుండు పడినా, శరీర బరువు అయిదో వంతు తగ్గినా ఆ ఎలుకకు బాధ లేకుండా ముగింపు ఇస్తాం. ఈ హద్దుల విషయంలో రాజీ పడం.

గురువారం, వాపు

మూడు రోజులకొకసారి చొప్పున మూడు సూదులు. సీపీజీ ఒక్కో మోతాదు 50 మైక్రోగ్రాములు.

మొదటి సూది తర్వాత కొన్ని కణితులు తగ్గడం కాదు, పెరిగాయి. ఎర్రగా, గట్టిగా ఉబ్బాయి. ఇది ముందే ఊహించిందే. రోగనిరోధక కణాలు గుంపుగా చేరితే, ద్రవం ఊరితే కాలిపర్‌కు అది కణితి పెరిగినట్టే కనిపిస్తుంది. అందుకే చివరి సూది వేసిన వారం దాకా కొలతలు రాసుకుంటాం గానీ గుంపుల మధ్య పోల్చమని ముందే రాసి సంతకాలు చేసి ఉంచాం. ఈ నియమం లేకపోతే మధ్యలో ఎవరో ఒకరు “ఇది పని చేయడం లేదు, ఆపేద్దాం” అనేవాళ్లు. ఎక్కించిన రోజుల్లో కొన్ని ఎలుకల బరువు కాస్త తగ్గి, రెండు రోజుల్లో తిరిగి వచ్చింది.

బుధవారం, సంకేతాలు విప్పాక

ఒక్కో గుంపూ చిన్నదే. అందువల్ల ఇక్కడ రాసేది దిశ మాత్రమే, తుది మాట కాదు.

ఎదుటి డొక్కలో ఇచ్చిన రెండు గుంపులూ ఉత్త ద్రావణం గుంపుతో కలిసిపోయాయి. గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, గుర్తుపట్టలేం. అవే పదార్థాలు, అదే మోతాదు, అదే ఎలుక శరీరం, అయినా కణితికి ఏ హానీ జరగలేదు. చోటు గురించి ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

సీపీజీ కణితి లోపల ఇచ్చిన గుంపులో పెరుగుదల బాగా మందగించింది, కొన్ని ఎలుకల్లో కణితి చేతికి తగలకుండా పోయింది. అదే వైపు పక్కన ఇచ్చిన గుంపు దాని వెనకే వచ్చింది, తేడా చిన్నది. బీసీజీ కథ వేరు. కణితి లోపల ఇచ్చినప్పుడు ప్రభావం ఆలస్యంగా మొదలై నిలకడగా సాగింది. పక్కన ఇచ్చినప్పుడు దాదాపు ఏమీ లేదు.

ఇద్దరు సహోద్యోగులతో దీని గురించి చాలాసేపు వాదించాను. నా వివరణ ఇది: సీపీజీ చిన్న అణువు, లింఫ్‌తోపాటు గ్రంథికి చేరుతుంది, కాబట్టి అదే వైపు ఎక్కడిచ్చినా సగం దారి దానంతట అదే నడుస్తుంది. బీసీజీ శవం పెద్దది, పెట్టినచోటే ఉండిపోతుంది. కాబట్టి దగ్గర అన్న మాటకు ఒక్కో పదార్థానికి ఒక్కో కొలత. దీన్ని మాటల్లో వదిలేయకుండా గ్రంథుల కోతలకు జీల్-నీల్సన్ రంగు వేసి చూశాం. చంపిన బీసీజీ కూడా ఆ రంగును పట్టుకుంటుంది. కణితిలో ఇచ్చిన ఎలుకల్లో ఎర్రని కడ్డీలు కణితి అంచున మాక్రోఫేజ్‌ల (సూక్ష్మజీవులను మింగే కణాల) లోపల బారులు తీరి కనిపించాయి. పక్కన ఇచ్చిన ఎలుకల్లో సూది పడ్డచోటే కొవ్వులో గడ్డకట్టుకుని ఉన్నాయి, గ్రంథిలో వెతికితే ఎక్కడో ఒకటీ అరా.

రిబి బృందం బీసీజీ కణకవచాలను నూనె చుక్కలకు అంటించి గినీ పందుల కణితుల్లోకి ఎక్కించి తగ్గించిన సంగతి ఇప్పుడు కొత్తగా అర్థమవుతోంది. అక్కడ నూనె చేసిన పని కణితిలో నిలబెట్టడం. అలాగే మొరాలెస్ 1976లో మూత్రాశయ క్యాన్సర్‌కు బీసీజీ వాడి ఫలితం చూపించినప్పుడు దాన్ని క్యాథెటర్ ద్వారా మూత్రాశయంలోకి పంపారు, వారానికొకటి చొప్పున ఆరు వారాలు. నేటికీ ఆ మందు రెండు గంటలపాటు కణితి ఉన్న గోడనే తాకుతూ ఉంటుంది. 1990లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. 1970ల్లో చర్మం మీద గీతలు గీసి బీసీజీ పూసి దూరాన ఉన్న మెలనోమాలను (ఒక రకం చర్మ క్యాన్సర్) తగ్గించాలని చేసిన ప్రయత్నాలు నిలబడలేదు. అవయవం ఎంపికలోనే ఆ విజయం దాగి ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

శనివారం, టీ కణాలు

జబ్బు కణాలను నేరుగా చంపే సీడీ8 టీ కణాలను యాంటీబాడీతో తొలగించిన ఎలుకల్లో రెండు పదార్థాలూ చతికిలబడ్డాయి. కణితిని చంపుతున్నది బ్యాక్టీరియా కాదు, అది రేపిన మంటా కాదు. 1975లో కార్స్‌వెల్, ఓల్డ్ బృందం బీసీజీ ఇచ్చిన ఎలుకలకు ఎండోటాక్సిన్ ఎక్కించి, వాటి సీరమ్‌లో టీఎన్‌ఎఫ్ అనే, కణితిని కుళ్లబెట్టే ప్రోటీన్‌ను కనుగొన్నప్పుడు కణితి గంటల్లో కుళ్లడం చూశారు. మాకు కనిపిస్తున్నది ఆ వేగం కాదు, రోజులు తీసుకునే పని.

కణితి పూర్తిగా పోయిన ఎలుకలకు ఎంసీ38 కణాలనే మళ్లీ, ఈసారి ఎదుటి డొక్కలో ఎక్కించాం. పెరగలేదు. ఆ ఎలుకలకే ఇంకో చోట బీ16 మెలనోమా కణాలు ఎక్కిస్తే చక్కగా పెరిగాయి. అంటే మిగిలిన జ్ఞాపకం ఎంసీ38ది మాత్రమే. అడ్జువెంట్ దేన్ని గుర్తుపట్టాలో నేర్పలేదు, నేర్చుకునే గదిలో తలుపు తెరిచింది. పాఠం కణితే చెప్పింది. పాఠం లేని చోట, అంటే ఎదుటి డొక్కలో, తలుపు తెరిచినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే అనుకుంటున్నాను.

ఆదివారం, జాగ్రత్తగా రాసుకోవలసినవి

ఎంసీ38 మ్యుటేషన్లు ఎక్కువగా ఉన్న కణితి, రోగనిరోధక వ్యవస్థకు తేలికగా కనిపిస్తుంది. బీ16 మీద ఇదే పరీక్ష చేయకుండా విస్తృతంగా ఏమీ చెప్పకూడదు.

సీపీజీ విషయంలో ఎలుకకూ మనిషికీ తేడా పెద్దది. దాన్ని గుర్తించే టీఎల్‌ఆర్9 ఎలుకల్లో ఎక్కువ రకాల డెండ్రిటిక్ కణాల్లో ఉంటుంది. మనుషుల్లో ముఖ్యంగా బీ కణాల్లో, ప్లాస్మసైటాయిడ్ డెండ్రిటిక్ కణాల్లో ఉంటుంది. ఎలుకల్లో కనిపించిన బలం మనిషిలో అంతే ఉంటుందని ఆశించడం న్యాయం కాదు. ఎండోటాక్సిన్‌కు తేడా ఇంకా తీవ్రం: మనిషికి కిలో శరీర బరువుకు కొన్ని నానోగ్రాములు చాలు, జ్వరం, వణుకు వస్తాయి. ఎలుక అంతకన్నా ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. చంపిన బ్యాక్టీరియా కదా అని ఎవరైనా తమంతట తాము ఎక్కించుకోవాలనుకుంటే వాళ్లను చేతులు పట్టుకుని ఆపుతాను. జబ్బుతో అలసిపోయిన మనిషి ఆశకు ఇంత ప్రమాదం జత చేయకూడదు.

మంగళవారం, తర్వాతి ఏర్పాటు

రెండు డొక్కల్లోనూ కణితులు నాటి, ఒకదానిలోనే సూది వేస్తాం. ఎదుటి కణితి కూడా తగ్గుతుందా అన్నది ప్రశ్న. కణితి చేతికందని చోటికి పాకిన రోగులకు ఈ ప్రశ్న ముఖ్యం. కొన్ని గుంపులకు టీ కణాలకు బ్రేకులా పని చేసే పీడీ-1ను అడ్డుకునే యాంటీబాడీ కూడా ఇస్తాం. కణితి 5 మిల్లీమీటర్లప్పుడు మొదలుపెట్టిన గుంపు ఒకటి, 10 మిల్లీమీటర్లప్పుడు మొదలుపెట్టినది ఇంకొకటి. చిన్న కణితి అన్న జ్బార్, ర్యాప్ షరతు ఎక్కడ తెగుతుందో దీంతో తెలియాలి.

బీసీజీని నూనె చుక్కలతో కలిపి కణితిలో ఎక్కువ కాలం నిలబెట్టే తయారీ కూడా మొదలైంది. మొదటి చిలుకుడులో చుక్కలు మరీ పెద్దవిగా వచ్చాయి, సన్నని సూదిలోంచి దిగవు. రేపు పొందిక మార్చి మళ్లీ చిలికి, సూక్ష్మదర్శిని కింద చుక్క వ్యాసం కొలుస్తాం. ఆ నూనెకు కూడా ఎండోటాక్సిన్ పరీక్ష తప్పదు. నూనెలో పీత సారం పని చేయదు కాబట్టి ముందు నీటిలోకి లాగి తీయాలి, ఆ పద్ధతి మీద ఇప్పుడు కూర్చుంటున్నాను.